పాత నోటు మీద మన అక్షరం

మొదటి ప్రపంచ యుద్ధంలో వెండికి కరువొచ్చి 1917లో సర్కారు తొలిసారి రూపాయి నోటు అచ్చేసింది. వెనుక ఎనిమిది దేశభాషల్లో విలువ రాశారు, అందులో మన తెలుగూ ఉంది. 1918లో రెండున్నర రూపాయల నోటు వచ్చింది. 1926లో రెండూ ఆగిపోయాయి.

మన మూకండపల్లి ఇళ్లలో పాత ట్రంకుపెట్టెలు ఒకసారి వెతుకుదాం. నోటు పాతదైతే చాలదు. గుబ్బే, మెక్‌వాటర్స్, డెన్నింగ్‌లలో ఎవరి సంతకం, మడతలెన్ని, గుండుసూది బెజ్జాలెన్ని అని చూసే ధర కడతారు. నీళ్లలో కడిగినా, ఇస్త్రీ చేసినా విలువ పడిపోతుంది. లక్షలిస్తాం, ముందు కమీషన్ కట్టండి అనేవాళ్లను నమ్మొద్దు. 2021లో రిజర్వు బ్యాంకే హెచ్చరించింది.

అమ్మినా అమ్మకున్నా, ఆ అక్షరాలను ముందు మన పిల్లల చేత చదివిద్దాం. చదివేవాళ్లు లేకపోతే అది మనకు ఉత్త కాగితమే.