తాడు కట్టినోడి దుంగ

గోదారి చరిత్ర రాసినోళ్లు ఆనకట్ట గురించి రాశారు, పుష్కరాల గురించి రాశారు. అదే గోదారి మా మాలపేట పొయ్యిలోకి కట్టెలు మోసుకొచ్చిన సంగతి రాయలేదు. అది మేమే రాసుకోవాలి.

మాది లంక ఊరు. ఎటు చూసినా చెట్లే. అయినా మా ఆడాళ్లకి పుల్ల కరువు. కొబ్బరితోట కామందుది, రాలిన మట్టా ఆయనదే. ఒక డొక్క ఏరుకుంటే దొంగతనం. కామందు ఇంట్లో చావు జరిగితే చితికి కట్టె కొట్టేది మాత్రం మా అయ్యే. మా శవాలు మట్టిలోకి పోయేవి. బతికినా చచ్చినా మా వాటాకి కట్టె రాలేదు.

అందుకే వరదంటే భయపడుతూనే దానికోసం ఎదురుచూసేవాళ్లం. శబరినీ ఇంద్రావతినీ కలుపుకొని ఎర్రనీళ్లు దిగేటప్పుడు వేళ్లతో సహా చెట్లు కొట్టుకొచ్చేవి. ఒకప్పుడు మన్యం కలపని తెప్పలు కట్టి రాజమండ్రికి దించేవారు. తెగిపోయిన తెప్పల దుంగలు కూడా వచ్చేవని మా తాత చెప్పేవాడు. పేటలో ఒకటే న్యాయం: ముందు తాడు కట్టినోడిదే దుంగ. కట్టేసి ఇంటికెళ్లి గంజి తాగొచ్చినా ఇంకొకడు ముట్టుకునేవాడు కాదు. కరణం లేడు, కాగితం లేదు, తాడే దస్తావేజు.

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులకి లేచింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. పేట మునిగింది. అందరం ఏటిగట్టు మీద గోనెపట్టాల కింద ఉన్నాం. నేను పదో తరగతి. పంచిన బియ్యం ఉన్నాయి, ఉడకేయడానికి కట్టె లేదు.

వరద తీస్తున్న రోజు సాయంత్రం ఒక పెద్ద దుంగ గట్టువారగా వచ్చింది. అయ్య నడుముకి తాడు కట్టుకుని దూకాడు. అలా దూకి తిరిగిరాని వాళ్లని మా పేట ఎరుగును. అమ్మ తాడు రెండో కొస పట్టుకుని కేకలు పెడతానే ఉంది. అయ్య దుంగని ఒడ్డుకి చేర్చి తాడిచెట్టుకి కట్టాడు. కొసలు తడిమి చూశాడు. అటవీశాఖ సుత్తి గుర్తు లేదు.

తెల్లారి కామందు పాలేరుని వెంటబెట్టుకొచ్చాడు. 'ఏరా, ఈ తాడిచెట్టు ఎవరిది? నా చెట్టుకి కట్టింది నాది కాదా?' అన్నాడు.

అయ్య తలొంచుకున్నాడు. అమ్మ వంచలేదు. 'చెట్టు మీదే అయ్యగారూ. తాడు మాది. ప్రాణం మాది. మీ చెట్టు ఏట్లోకి దూకి తెచ్చిందా?' అంది.

గట్టు మీద అందరూ కొయ్యబారిపోయారు. 1985 జులై 17న కారంచేడు జరిగి పదమూడు నెలలు. చెరువు నీళ్ల దగ్గర నోరెత్తినందుకు ఏమైందో అందరికీ తెలుసు. కానీ ఆ రోజు మా కుర్రోళ్లు లేచొచ్చి అమ్మ వెనకాల నిలబడ్డారు. ఊరిపెద్దలు తీర్పు చెప్పారు: చెట్టుకి సగం, తాడుకి సగం. కామందు సగాన్ని కొట్టి పేర్చి వచ్చింది కూడా అయ్యే. కూలి ఇవ్వలేదు. మా సగం సంక్రాంతి దాకా కాలింది.

పై చదువులకొచ్చాక చట్టం పుస్తకం చూశాను. 1882లో మద్రాసు అటవీ చట్టంతో మన్యం మీద సర్కారు చెయ్యి పడింది. 1927 భారత అటవీ చట్టం 45వ సెక్షన్ ఇంకా తేటగా చెప్పింది: నీళ్లలో కొట్టుకొచ్చిన కలప, ఒడ్డుకి చేరిన కలప, ఎవరైనా హక్కు రుజువు చేసుకునేదాకా సర్కారుదే. చదివి నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. ఊరి న్యాయంలో చెట్టున్నోడికి సగం ఉంది. సర్కారు న్యాయంలో సుత్తి గుర్తుకి విలువ ఉంది. ఏట్లో దూకినోడి తాడుకి విలువిచ్చింది మా పేట ఒక్కటే.

2022 జులైలో భద్రాచలం దగ్గర మళ్లీ 71.3 అడుగులు. అప్పటికి మా ఇంట్లో గ్యాసు పొయ్యి ఉంది. ఫోను చేస్తే అమ్మ అడిగిన మొదటి మాట: 'దుంగలొస్తన్నాయంటరా?'

నీళ్లు ఎన్ని అడుగులు లేచాయో సర్కారు రాసిపెట్టింది. ఆ నీళ్లలోకి ఎవరు దూకారో, తెచ్చినదాంట్లో సగం ఎవరికి పోయిందో రాయాల్సింది మనం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ పేట ముసలమ్మల్ని అడగండి. వాళ్లు చెప్పింది రాసిపెట్టండి. ఈ చరిత్రకి ముందు తాడు కట్టాల్సింది మనమే.