ముప్పది సెకండ్ల మౌనము

లినక్సు సర్వరునందు బ్రిడ్జిని నెలకొల్పి, తీగయు దీపమును సరిగానే యున్నను ఐపీ చిరునామా రాక విసుగుచెందిన నిర్వాహకుడు, ఆ జాగునకు మూలము 1980ల నాటి అమెరికాలో నున్నదని తలపడు. రెండు బ్రిడ్జిల నడుమ రెండు దారులున్నచో, ఆయుఃపరిమితి యెఱుగని ఈథర్నెట్ ఫ్రేము ఒక్కటియే తిరిగి తిరిగి వలనెల్ల ముంచివేయు విపత్తును, ఒక దారిని మూసి నివారించు స్పానింగ్ ట్రీ పద్ధతిని, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషనులో పనిచేయుచుండిన రేడియా పెర్ల్‌మన్ 1985లో ప్రకటించెను. పోర్టును తెఱచుటకు ముందు వినవలెను గదా! వినుటకు 15 సెకండ్లు, నేర్చుటకు 15. 1990 నాటి 802.1డి ప్రమాణములోని యీ లెక్కనే లినక్సు కూడ స్వీకరించెను. ఈ లోపల ఐపీ చిరునామా కోరు డీహెచ్‌సీపీ అభ్యర్థన ఓపిక నశించి విరమించుటయు కలదు. ‘బీఆర్‌సీటీఎల్ షోఎస్‌టీపీ’ అను ఆదేశమును నేర్చు వేళ కొట్టి చూచినచో, ఆ పోర్టు ప్రక్కన ‘లెర్నింగ్’ అను మాట కనబడును.