సైనికుని జాబు, సేనాపతి చెవి



గత మాఘమాసమున నా చేతిమీదుగా ఒక తప్పు జరిగినది. దానిని చెప్పియే ఈ ప్రసంగమున కుపక్రమించెదను. నాయొద్ద తెలుగు చదువుకొన్న పిల్లవాడొకడు నేడు సైన్యములో సిపాయిగా నున్నాడు. మంచు కప్పిన కొండదారిలో లారీ ప్రక్కన నిలిచి తీయించుకొన్న ఫొటోను వాడు తల్లికి సెల్‌ఫోనులో పంపగా, ఆమె మురిసిపోయి తెచ్చి నాకు చూపినది. నేనును మురిసి, దానిని మాయూరి వాట్సాపు గుంపులో పెట్టితిని. అది యెన్ని యూళ్లు తిరిగినదో యెఱుగను. మూడవనాడు వాడే ఫోను చేసి, "మాస్టారూ, ఆ ఫొటో తీసేయండి. వెనకాల బోర్డు కనబడుతోంది" అనెను. గొంతులో కోపము లేదు, భయమున్నది. నలువదేండ్లు పిల్లల తప్పులు దిద్దినవాడను, ఆనాడు శిష్యునిచేత దిద్దబడితిని.

సిపాయి లోకమునకు ఏమి చెప్పవచ్చును, ఏమి చెప్పరాదు? ఈ ప్రశ్న సెల్‌ఫోనుతో పుట్టినది కాదు. 1914వ సంవత్సరము ఆగష్టులో ఐరోపా మహాసంగ్రామము ఆరంభమయ్యెను. సెప్టెంబరు చివర లాహోరు డివిజనును, దాని వెంబడి మీరటు డివిజనును ఫ్రాన్సు దేశపు మార్సేల్సు రేవున దిగినవి. యుద్ధము ముగియులోపల లక్షకు పైబడిన భారతీయులు ఆ రంగమున పనిచేసిరి. వారిలో పెక్కుమందికి వ్రాత రాదు. చదువు వచ్చిన తోడివానిని బ్రతిమాలి, ఉర్దూలోనో హిందీలోనో గురుముఖిలోనో జాబులు వ్రాయించుకొనెడివారు. ఊరిలో ఆ జాబును చదువుటకు మరల నింకొకడు కావలెను. కావున రహస్యమనునది ఆ జాబులకు పుట్టుకతోనే లేదు.

అది చాలదన్నట్లు, 1914 ముగియులోపలనే ప్రభుత్వమువారు మనవారి టపాను పరిశీలించుటకు ఫ్రాన్సులో ఒక కచేరీ నెలకొల్పిరి. హిందూదేశమున సివిలుద్యోగము చేసి మన భాషలను నేర్చిన హోవెల్ అను దొర దానికి ముఖ్యాధికారి. వారమునకు వేలకొలది జాబులు అచటికి వచ్చెడివి. అన్నిటిని చదువుట మానవమాత్రుల తరము కాదు గనుక, కొన్నిటిని విప్పి, చదివి, ముఖ్యభాగములను ఆంగ్లములోనికి మార్చి, వారము వారము పై యధికారులకు నివేదించెడివారు. ఆ నివేదికలు నేటికిని లండనులోని బ్రిటిషు గ్రంథాలయమున భద్రముగా నున్నవి.

మనవారు సామాన్యులా? కచేరి పెట్టినారని తెలిసినతోడనే సంకేతములు పుట్టినవి. నల్లమిరియములనగా భారతసైనికులు, ఎఱ్ఱమిరపకాయలనగా తెల్లసైనికులు. నల్లమిరియములు వేగముగా ఖర్చయిపోవుచున్నవనియు, ఎఱ్ఱమిరపకాయల వాడుక కొంచెమనియు జాబు వచ్చినచో, ఇంటివారికి సంగతి బోధపడెడిది. అయితే అది దొరగారికిని బోధపడెడిది! ఎంత కావలి పెట్టినను ఇట్టి సూచనలను పూర్తిగా ఆపజాలమని ఆయనయే తెలిసికొనెను. వంటింటి దినుసులతో యుద్ధవార్త చెప్పగలవానిని ఏ శాసనము కట్టివేయగలదు?

ఆ జాబులలో ఎక్కువగా వినబడు మొఱ యొకటున్నది. గాయపడి, ఇంగ్లండులోని బ్రైటను మొదలగు చోట్ల ఆసుపత్రులలో చికిత్స పొందినవారిని, గాయము మానినంతనే మరల కందకములకు పంపెడివారు. ఒకమాఱు నెత్తురు చిందించినవాడు ఇల్లు చేరుట న్యాయమని వారి నమ్మకము. ఈ మొఱ అధికారి యెదుట నిలిచి చెప్పుకొనుటకు సిపాయికి నోరు రాలేదు. భార్యకు, అన్నకు, తండ్రికి చెప్పుకొనెను. వారికి చెప్పినది సేనాపతులకు వినబడెను. ఆ కచేరిని తెఱచినది వినుటకు కాదు, కావలి కాయుటకు. అయినను అది చెవి యయ్యెను. 1915 చివర భారత పదాతిదళములను ఫ్రాన్సునుండి తీసి మెసపొటేమియాకు పంపిరి. దానికి జాబులే కారణమని నేననను, కారణములు పెక్కులు. కాని మనవారి మనసెట్లున్నదో తమకు తెలియదని ఆనాటి దొరలు చెప్పుటకు వీలు లేకపోయెను.

ఇక నేటి సంగతి. నాడు జాబు ఊరు చేరుటకు వారములు పట్టెడిది, నడుమ ఒక కచేరి యుండెడిది. నేడు నిమిషము చాలును, నడుమ ఎవరును లేరు. సైనికుడు నోరు విప్పనక్కఱయే లేదు. స్ట్రావా యను వ్యాయామపు సంస్థ, తన యంత్రమును ధరించి పరుగెత్తినవారి జాడలన్నిటిని కూర్చి ఒక పటము ప్రకటింపగా, ఎడారులలోని సైనికస్థావరములు ఆ పటమున వెలుగు గీతలై కనబడుచున్నవని 2018 జనవరిలో లోకము కనుగొనెను. పాపము, వారు ఆరోగ్యమునకై పరుగెత్తిరి, అంతియే!

2023 జనవరి 1వ తేదీన, ఉక్రెయిను దేశమున రష్యా యాక్రమించిన మకీవ్కాలో రష్యా సైనికులు బసచేసిన పాఠశాలా భవనముపై రాకెట్లు పడినవి. 89 మంది మరణించిరని రష్యా యొప్పుకొనెను. ఉక్రెయినువారు చెప్పిన లెక్క అంతకు ఎన్నో రెట్లు. నిషేధమున్నను సైనికులు సెల్‌ఫోనులు వాడుటయే ముఖ్యకారణమని రష్యా సైన్యము ప్రకటించెను. సిపాయిల ఫోనులపై ఆ దేశము 2019లోనే శాసనము చేసియున్న మాట నిజమే. కాని అంతమందిని ఒక్క కప్పుక్రింద నుంచినదెవరు? ఆ ప్రశ్నను రష్యనులే అడిగిరి. చనిపోయినవాని జేబులోని ఫోనుపై నేరము మోపుట సేనానాయకునకు మిక్కిలి సులభము. ఆ ప్రకటన చదివిననాడు నాకు కలిగిన రోతను ఇచట దాచను.

మన దేశమున 2017 జనవరిలో, సరిహద్దు భద్రతాదళపు జవాను ఒకడు తనకు పెట్టు మాడిన రొట్టెలను, నీళ్లవంటి పప్పును వీడియో తీసి ఫేస్‌బుక్కున పెట్టెను. దేశమంతయు చూచినది. ఆ యేప్రిలులో వాని ఉద్యోగము పోయినది. ఆ దళము హోంశాఖ క్రిందిది, సైన్యము కాదు. అయినను కొన్ని దినములలోనే సైన్యాధిపతి జనరలు బిపిన్ రావత్, సిపాయిలు తమ ఫిర్యాదులు వేసికొనుటకు పెట్టెలు ఏర్పాటు చేయుదుమని ప్రకటించెను. మహాభారతము సభాపర్వమున నారదుడు ధర్మరాజు నడిగిన కుశలప్రశ్నలలో ఇదియు నొకటి: సేనకు భోజనమును వేతనమును తగినట్లు, వేళకు ఇచ్చుచున్నావా? ఆలస్యమైనచో భటులు ప్రభువుపై అలుగుదురనియు, అది గొప్ప అనర్థమనియు మునియే హెచ్చరించెను. సేన ఏమి మాటలాడుచున్నదని ఆయన అచట అడుగలేదు, ఏమి తినుచున్నదని అడిగెను.

అట్లని కట్టడి వలదనుట కాదు. అనుమతి లేక పత్రికలకెక్కరాదని 1954నాటి సైనిక నియమములలోనే యున్నది. 2020 జూలైలో ఫేస్‌బుక్కు మొదలుకొని 89 యాప్‌లను ఫోనులనుండి తొలగింపుడని సైన్యము తనవారి నాజ్ఞాపించెను. అంతకు రెండేండ్ల ముందు, 2018 సెప్టెంబరులో, సిపాయిని ఈ మాధ్యమములకు దూరముగా నుంచుట సాధ్యము కాదనియు, క్రమశిక్షణతో వాడనిచ్చుటయే మేలనియు రావత్ చెప్పియుండెను. రెండును విజ్ఞుల మాటలే. అందమైన ఆడుదాని ఫొటో పెట్టుకొని స్నేహము నటించు శత్రువు చేతిలో పడి, ఉద్యోగమును పరువును పోగొట్టుకొన్నవారున్నారు. ఆ గోతిలో వారు పడుటకు ముందు, వారి ఒంటరితనమును కనిపెట్టిన అధికారి యున్నాడా లేడా యన్నది నా సందేహము.

నా శిష్యుని ఫొటోను నేను తీసివేసితిని. గుంపులో ఉన్నవారిని ఒక్కొక్కరిని బ్రతిమాలి తీయించితిని. తరువాత వాని పై యధికారి పిలిచి మందలించెనట, మందలించి కూర్చుండబెట్టి ఇంటి సంగతులడిగెనట. ఆ పెద్దమనిషి పేరు నాకు తెలియదు. ఇప్పుడు వాడు తల్లికి రెండు మాటలే పంపుచున్నాడు, "క్షేమమే, అమ్మా" యని. ఆమె దానిని తెచ్చి నాచేత చదివించుకొని, అన్నము తిన్నాడో లేదో వ్రాయలేదేమని నన్నడుగుచుండును.