కాలిక్యులేటరులో మెమొరీ మీటలు

సాధారణ కాలిక్యులేటరులో ఒక సంఖ్యను దాచి ఉంచుటకు, దానికి మరొక సంఖ్యను కలుపుటకు లేదా తీసివేయుటకు, అవసరమైనపుడు తిరిగి తెరపైకి తెచ్చుటకు ఉపయోగపడే మీటలను మెమొరీ మీటలు అంటారు. దుకాణాలలో, ధాన్యం కాటాల వద్ద, బడులలో విరివిగా వాడే యంత్రంలో ఇవి ఉన్నప్పటికీ, చాలామంది వీటిని ముట్టుకోరు. మధ్య మొత్తాలను కాగితంపై వ్రాసుకొని మరల కూడుతారు.

మీటలు

ఎం+ తెరపై ఉన్న ఫలితాన్ని మెమొరీకి కలుపుతుంది. ఎం− దాని నుండి తీసివేస్తుంది. ఎంఆర్ మెమొరీలోని సంఖ్యను చూపుతుంది, ఎంసీ దానిని సున్న చేస్తుంది. కొన్ని నమూనాలలో ఈ రెండింటికీ కలిపి ఎంఆర్‌సీ అనే ఒకే మీట ఉంటుంది: ఒకసారి నొక్కితే సంఖ్య కనబడుతుంది, వెంటనే రెండవసారి నొక్కితే చెరిగిపోతుంది. మెమొరీలో సంఖ్య ఉన్నంతసేపు తెర అంచున చిన్న 'ఎం' గుర్తు కనిపిస్తుంది. ఎంయూ అనే మీటకు పేరులో 'ఎం' ఉన్నా మెమొరీతో సంబంధం లేదు. అది లాభశాతం కలిపి అమ్మకపు ధర కట్టుటకు వాడేది.

ధాన్యం లెక్క

కృష్ణా డెల్టాలో ధాన్యాన్ని 75 కిలోల బస్తాలలో లెక్కించుట వాడుక. గుడివాడ ప్రాంతపు రైతు ఒకరు 42 బస్తాలు రూ. 1,775 చొప్పున, 35 బస్తాలు రూ. 1,790 చొప్పున అమ్మి, బస్తాకు రూ. 25 హమాలీ భరించాడనుకుందాం (ధరలు ఉదాహరణకు మాత్రమే). ముందుగా ఎంసీ నొక్కి, ఈ క్రమంలో చేయవలెను:

42 × 1775 ఎం+ (74,550)
35 × 1790 ఎం+ (62,650)
77 × 25 ఎం− (1,925)
ఎంఆర్ (1,35,275)

ఇక్కడ = నొక్కనక్కర లేదు; చేతి యంత్రాలలో ఎం+, ఎం− మీటలే గుణకారాన్ని పూర్తి చేస్తాయి. కంప్యూటరులోని విండోస్ కాలిక్యులేటరులో మాత్రం ముందు = నొక్కి, ఫలితం వచ్చిన తరువాత ఎం+ నొక్కుట మేలు.

ఇదే లెక్కను మెమొరీ లేకుండా వరుసగా నొక్కుకుంటూ పోతే జవాబు రూ. 333 కోట్లు దాటుతుంది! బడిలో గుణకారం ముందు, కూడిక తరువాత అని నేర్పుతారు గానీ, సాధారణ యంత్రం ఆ నియమాన్ని పాటించదు; ఏది ముందు నొక్కితే అది ముందు చేస్తుంది. 2 + 3 × 4 అని నొక్కితే 14 బదులు 20 చూపుతుంది.

పొరపాట్లు

333 కోట్ల వంటి తప్పును ఎవరైనా పట్టుకుంటారు. నష్టం తెచ్చేది నమ్మదగినట్లు కనిపించే తప్పు. అంతకు ముందు లెక్కలో మిగిలిన 2,150 మెమొరీలోనే ఉండిపోతే, పై రైతు లెక్క 1,37,425గా వస్తుంది, ఎవరికీ అనుమానం కలగదు. మిగిలినది రుణ సంఖ్య అయితే కోత రైతుకే పడుతుంది. చాలా నమూనాలలో ఏసీ మీట తెరను తుడుస్తుందే తప్ప మెమొరీని తుడవదు. అందుచేత ప్రతి కొత్త లెక్కకు ముందు 'ఎం' గుర్తు లేదని చూసుకొనవలెను. కాటా వద్ద అమ్మేవారు కూడా ఆ గుర్తును గమనించుట మంచిది.

ఎం+ ను రెండుసార్లు నొక్కితే మొత్తం రెండుసార్లు చేరుతుంది. పొరబాటున అలా జరిగితే లెక్కంతా చెరపనక్కరలేదు. అదే ఫలితం తెరపై ఉండగా ఎం− ఒకసారి నొక్కితే సరిపోతుంది.

ఇతర ఉపయోగాలు

దివిసీమలో రొయ్యలను కౌంటును బట్టి, అనగా కిలోకు ఎన్ని తూగునో దానిని బట్టి అమ్ముతారు. కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. ఒక్కొక్క చెరువు పట్టుబడిని దాని ధరతో గుణించి ఎం+ తోను, ముందుగా తీసుకున్న బయానాను ఎం− తోను చేర్చవచ్చును.

మారని సంఖ్యను దాచుటకు కూడా మెమొరీ పనికివస్తుంది. మచిలీపట్నం కలంకారీ బట్ట మీటరు రూ. 145 అనుకుంటే, 145 ఎం+ చేసి, తరువాత 12 × ఎంఆర్ = నొక్కితే 1,740; 17.5 × ఎంఆర్ = నొక్కితే 2,537.50 వస్తాయి.

పెద్ద బల్ల యంత్రాలలో జీటీ అనే మీట ఉంటుంది. ఇది = నొక్కినప్పుడల్లా వచ్చిన ఫలితాలను తనంతట తాను కూడుతుంది.

చరిత్ర

జపానుకు చెందిన కాసియో సంస్థ 1965లో మెమొరీ గల 001 అనే బల్ల కాలిక్యులేటరును విడుదల చేసింది. 1971లో వచ్చిన ఇంటెల్ 4004 మైక్రోప్రాసెసరు కూడా బిజికామ్ అనే జపాను సంస్థ కాలిక్యులేటరు కొరకే మొదట తయారైనది.