కదలని జంగమ గృహము

ఆస్తిని స్థావరమనియు జంగమమనియు రెండుగా విభజించుట మన దస్తావేజు వ్రాతగాండ్రకు తరతరములుగా అలవాటైన పని. ఇల్లు, పొలము, బావి స్థావరములు. పశువులు, బండి, బంగారము జంగమములు. ఇందు సందేహమునకు తావున్నట్లు మన కేనాడును తోచదు. కాని అమెరికా సంయుక్త రాష్ట్రములలో లక్షలకొలది కుటుంబములు నివసించు 'మొబైల్ హోమ్' ఈ విభజనకు లొంగక, చట్టము దృష్టిలో బండితో సమానమై, అనుభవములో కదల్పరాని కొంపయై, దశాబ్దములుగా రెండు వర్గముల నడుమ ఊగులాడుచున్నది. పాత మొబైల్ హోమును కొనువానికి వాటిల్లు నష్టములలో అధికభాగము ఈ ఊగులాట నుండియే పుట్టుచున్నదని నా అభిప్రాయము.

మొబైల్ హోము పుట్టుక విహారమునకై జరిగినది. 1930 ప్రాంతమున డెట్రాయిట్‌లో ఆర్థర్ షెర్మన్ 'కవర్డ్ వాగన్' అను పేరుతో, కారు వెనుక తగిలించి లాగుకొనిపోదగిన ట్రెయిలరు గదులను తయారుచేయించెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున విల్లో రన్ బాంబరు విమానముల కర్మాగారమునకును, ఓక్ రిడ్జ్ అణుకేంద్రమునకును వేలకొలదిగా తరలివచ్చిన పనివారికి ఇండ్లు చాలకపోగా, ప్రభుత్వమే ఈ ట్రెయిలర్లను తెప్పించి వారికి నీడ కల్పించెను. నాలుగు దినముల వినోదమునకై పుట్టిన గది ఇట్లు సంసారమునకు నెలవైనది.

అంతవరకు రహదారి నిబంధనలనుబట్టి ఎనిమిది అడుగుల వెడల్పు మించని ఈ గదిని, 1950ల నడుమ విస్కాన్సిన్ రాష్ట్రపు మార్ష్‌ఫీల్డ్‌లో ఎల్మర్ ఫ్రే అను నిర్మాత పది అడుగులకు విస్తరించెను. పిమ్మట పండ్రెండు, పదునాలుగు అడుగుల వెడల్పు గలవియు, రెండు భాగములను జతచేసినవియు వచ్చెను. వెడల్పు పెరిగినకొలది ఇంటి సౌఖ్యము పెరిగెను, చలనము తరిగెను. 1972లో ఒక్క సంవత్సరమున 5,75,000 పైచిలుకు ఇండ్లు కర్మాగారముల నుండి వెడలినవి. అయినను వాని కట్టుబడికి దేశమంతటికి వర్తించు ప్రమాణము ఆనాటికి లేదు. 1960ల ఉత్తరార్ధము నుండి కొన్ని సంవత్సరములపాటు అనేక గృహములలో అల్యూమినియం తీగలు వాడిరి. అవి కూడళ్ల వద్ద వదులై వేడెక్కి నిప్పునకు కారణమగుట కలదు. 1974లో అమెరికా కాంగ్రెసు శాసనము చేయగా, 1976 జూన్ 15 మొదలు గృహనిర్మాణ శాఖ ప్రమాణములు అమలులోనికి వచ్చెను. ఆనాటి నుండి ఇంటి ప్రతి భాగమునకు వెలుపల ఎర్రని లోహపు పట్టిక, లోపల వివరములుగల పత్రము ఉండవలెను. ఆ తేదీకి పూర్వపు ఇంటికి ప్రభుత్వ హామీతోకూడిన అప్పు పుట్టదు. బీమా సంస్థలు వెనుదీయును. ఈ ఇండ్లు నిలుపుకొనుటకు స్థలము అద్దెకిచ్చు పార్కులలో పెక్కు లోనికి రానీయవు. కనుక ధర అడుగుటకు ముందే ఆ ఎర్రపట్టికను వెదకుట కొనువాని మొదటి బాధ్యత. 1992 ఆగస్టులో ఆండ్రూ తుఫాను ఫ్లోరిడాలోని హోమ్‌స్టెడ్‌ను తాకినపుడు అచటి 1,176 మొబైల్ గృహములలో 1,167 నేలమట్టమైనవి. తరువాత 1994లో గాలి వేగమునుబట్టి మండలములు ఏర్పరచి నిబంధనలు కఠినము చేసిరి. అంతకు పూర్వపు ఇల్లు తీరప్రాంతమున ఎంత చౌకగా దొరకినను, నేలకు బిగించిన కట్లను పరీక్షింపక కొనరాదు.

అప్పు సంగతి వేరొక చిక్కు. ఇల్లు జంగమాస్తి యగుటచే దాని హక్కుపత్రము పలు రాష్ట్రములలో మోటారు వాహనముల శాఖవారు ఇచ్చు పత్రమువంటిదే. అప్పు కూడ ఆ తీరుదే. వడ్డీ అధికము, గడువు తక్కువ, వాయిదా తప్పినచో స్వాధీనము చేసికొనుట సులభము. 1990లలో రుణదాతలు గడువును ముప్పది యేండ్లకు సాగదీసి, తీర్చు శక్తిని చాలినంత విచారింపకయే అప్పులిచ్చిరి. ఇల్లు విలువ తరుగుచుండగా అప్పు మాత్రము మందగతిని తరిగెను. 1998లో గ్రీన్ ట్రీ అను రుణసంస్థను కొనిన కాన్సెకో అను సంస్థ 2002 డిసెంబరులో దివాలా ప్రకటించుటకు ఆ అప్పుల మునక ఒక ప్రధాన కారణము. ఇళ్ళు పోగొట్టుకొనిన సంసారముల సంగతి నన్ను కలచివేయు విషయము.

అన్నిటికంటె గురుతరమైనది నేల. ఇల్లు తనది, నేల పరులది. 1992లో యీ – ఎస్కొండిడో నగరము వ్యాజ్యమున అమెరికా సుప్రీంకోర్టు, ఈ ఇండ్లను కదల్చుటకు అగు ఖర్చు ఇంటి విలువలో పెద్ద భాగమగుటచే నూటికి ఒకటి మాత్రమే తొలిచోటు నుండి కదలుచున్నదని గుర్తించెను. నేలగలవాడు అద్దె పెంచినను, పార్కును మరొకనికి అమ్మినను, పాత ఇంటివానికి పోవుటకు దారి లేదు. కొత్త పార్కు ఆ ఇంటిని చేర్చుకొనదు. మార్గమధ్యమున చట్రము విరుగవచ్చును. తుదకు ఇల్లు విడిచిపోవలసివచ్చును, దానిని పడగొట్టించు ఖర్చును మీదబడవచ్చును. కాబట్టి హక్కుపత్రము అమ్మువాని పేరనే ఉన్నదా, దానిపై పాత తాకట్టు, చెల్లింపని పన్ను కలవా అని విచారించుటతోబాటు, నేల అద్దె ఒడంబడికను ఇంటి ధరకంటె ముందు చదువవలెను. తనను అద్దెదారునిగా అంగీకరించినట్లు పార్కు యజమాని వ్రాతమూలకముగా ఒప్పుకొనక రొక్కము చెల్లింపరాదు. తడికి ఉబ్బిన నేలచెక్కలు, కారుచున్న కప్పు ఇవన్నియు తరువాతి మాటలు. వానిని డబ్బుతో బాగుచేయవచ్చును, నేలమీది హక్కును బాగుచేయలేము.

ఈ చిక్కునకు న్యూ హాంప్‌షైర్ రాష్ట్రములోని మెరెడిత్ వాసులు 1984లో ఒక దారి చూపిరి. పార్కు అమ్మకమునకు రాగా వారు సహకార సంఘముగా ఏర్పడి ఆ నేలను తామే కొనిరి. నేడు ఆ రాష్ట్రమున ఇట్టి పార్కులు నూటికి మించియున్నవి. నీటి గొట్టము పగిలినను, సెప్టిక్ తొట్టి నిండినను ఆ ఖర్చు సభ్యులదే. నేల అద్దె ఎంత ఉండవలెనో తేల్చు సమావేశమున చేయి ఎత్తువారును వారే.