ప్లేగు చరిత్రలో ఎలుక స్థానం

మన దేశపు ప్లేగు చరిత్రను సాధారణంగా రెండు విధాలుగా చెబుతారు. జాతీయోద్యమ చరిత్ర దానిని 1897 జూన్ 22 రాత్రి పూనాలో పేలిన పిస్తోలుతో మొదలుపెట్టి ఉరికంబంతో ముగిస్తుంది. వైద్య చరిత్ర సూక్ష్మదర్శినితో మొదలుపెట్టి టీకాతో ముగిస్తుంది. రెండూ అవసరమైనవే. కాని రెంటిలోనూ ఎలుకకు దక్కవలసిన స్థానం దక్కలేదు. ఎలుకతోపాటు అది తిన్న ధాన్యమూ, ఆ ధాన్యాన్ని నిలవచేసిన గోదామూ, ఆ గోదాముపైని ఇరుకుగదిలో నిద్రించిన కూలీ కూడా మరుగున పడిపోయారు. ఇది యాదృచ్ఛికంగా జరిగిన లోపం కాదని నా అభిప్రాయం.

1894లో హాంకాంగులో ప్లేగు చెలరేగినప్పుడు యెర్సిన్ అనే శాస్త్రజ్ఞుడు రోగకారకమైన సూక్ష్మజీవిని కనుగొన్నాడు. చచ్చిన ఎలుకల శరీరాల్లోనూ అదే వున్నదని చూశాడు. 1896 సెప్టెంబరులో బొంబాయిలోని మాండ్వీ పేటలో డాక్టర్ వీగాస్ యీ రోగాన్ని గుర్తించాడు. మాండ్వీ ఎటువంటి పేట? రేవును ఆనుకొని వున్నది. ధాన్యపు గోదాములకు నిలయం. జనం కిక్కిరిసి కాపురముండే చోటు. అక్కడ మనుషులకు గజ్జల్లో, చంకల్లో బిళ్ళలు కట్టకముందే గోదాముల్లో ఎలుకలు రాలిపోయాయి. భయపడి, ఎనిమిది లక్షల జనాభాలో సుమారు సగంమంది కొద్దినెలల్లోనే నగరం విడిచిపోయారు.

ప్రభుత్వం ఏంచేసింది? 1897 ఫిబ్రవరిలో అంటురోగాల చట్టం చేసింది. నాలుగు సెక్షన్ల చిన్న చట్టం. అధికారం మాత్రం చిన్నది కాదు. ఇళ్ళు సోదాచేశారు, సామాన్లు తగలబెట్టారు, రోగులను ఆస్పత్రులకూ, వారి బంధువులను శిబిరాలకూ తరలించారు. పూనాలో యీ పనికి సైనికులను దింపారు. ఈ ఏర్పాటంతటికీ ఆధారం ఒక్కటే: రోగమంటే రోగిష్టి మనిషి. రైలు ప్రయాణీకుని శరీరంమీద పెట్టినంత నిఘా ధాన్యపు బస్తామీద పెట్టలేదు.

1898లో సీమాండ్ అనే ఫ్రెంచి వైద్యుడు కరాచీలో ఒక ప్రయోగం చేశాడు. ఎలుక వొంటిమీద బతికే, రెక్కలులేని ఒక చిన్న గెంతే పురుగు రోగాన్ని ఎలుకనుంచి ఎలుకకు చేరవేస్తుందని చూపాడు. చాలామంది నమ్మలేదు. 1905లో పని ప్రారంభించిన ప్లేగు పరిశోధక సంఘం బొంబాయిలో మళ్ళీ పరీక్షించింది. ప్లేగు సోకిన ఇళ్ళలో నేలమీద వుంచిన జంతువులకు రోగం వచ్చింది. ఆ పురుగు గెంతి అందుకోలేనంత ఎత్తున వేలాడదీసిన వాటికి రాలేదు. గాలి ఒక్కటే, ఇల్లు ఒక్కటే, తేడా పురుగుదే. ఆ సూక్ష్మజీవులు పెరిగి పురుగు అన్నవాహికకు అడ్డుపడతాయనీ, ఆకలి తీరక అది మళ్ళీ మళ్ళీ కుడుతూ వాటిని కొత్త శరీరంలోకి కక్కుతుందనీ 1914లో తేలింది. ఎలుక చచ్చి చల్లబడితే పురుగు మరో వెచ్చని శరీరాన్ని వెతుక్కుంటుంది. మరో ఎలుక దొరకకపోతే మనిషి. బిళ్ళల ప్లేగులో మనిషి గొలుసు చివరి కొన మాత్రమే.

"1897లో పురుగు సంగతి తెలియదు గదా, తెలియనిదానికి పాలకులను నిందించడం న్యాయమా?" అని అడగవచ్చు. పురుగు తెలియదు నిజమే. ఎలుక తెలుసు. గఢ్వాల్, కుమావూ కొండపల్లెల్లో ఎలుకలు చావగానే జనం ఇళ్ళు విడిచి దూరంగా పోయేవారు. ఆ రోగాన్ని వారు "మహామారి" అన్నారు. ఆంగ్ల వైద్యాధికారులు 19వ శతాబ్దంలోనే దీనిని నివేదికల్లో రాశారు. తెలుగులో అదే మాట మహమ్మారి అయి, ఎలుక జాడలేని ఒక భయంకర శక్తిగా మాత్రమే మిగిలింది. తెలుగు పాఠాలు చెప్పుకొనే నాకు యీ తేడా చిన్నదిగా కనిపించదు.

తెలిసినా ఆచరణలోకి ఎందుకు రాలేదు? మనిషిని పట్టుకోవడం సులభం. గోదామును ముట్టుకుంటే వర్తకానికీ, ఇంటిని ముట్టుకుంటే అద్దెలకూ దెబ్బ. 1898లో ఏర్పడిన బొంబాయి నగరాభివృద్ధి ట్రస్టు మురికిపేటలను కూల్చింది. ఇల్లు పోయినవారందరికీ ఇళ్ళు కట్టలేదు. వారు పక్క చావడుల్లోకి చేరి వాటిని మరింత ఇరుకు చేశారు. ఆ నగరాన్ని కట్టిన కూలీల్లో మనవారూ వున్నారు. కామాఠీపురా అన్న పేరు నిజాం రాజ్యంనుంచి వలసపోయిన తెలుగు కామాఠీలవల్ల వచ్చినదే. హైదరాబాదులో కూడా 1908 మూసీ వరద, 1911 ప్లేగు తరువాతనే, 1912లో, నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. బీదవాని ఇల్లు పాలకుల దృష్టికి రావాలంటే చావులు లెక్కకు మించాలి కాబోలు! 1920 దాటేసరికి దేశం మొత్తంమీద ప్లేగు చావులు కోటి దాటాయి.

రాండ్ మీద ప్రజల ఆగ్రహం న్యాయమైనదే. అయితే కాల్చిన చాపేకర్ సోదరుల ఆగ్రహంలో పరపాలనపై ద్వేషంతోపాటు సనాతనాచారాల అభిమానం కూడా కలిసివుందని అభ్యుదయవాదులు మరవరాదు. అదే పూనాలో సావిత్రీబాయి ఫూలే రోగులకు సేవచేస్తూ తానే ప్లేగు సోకి 1897 మార్చి 10న మరణించింది. రోగిని నేరస్తునిగా చూడక, అంటరానివానిగానూ చూడక, మనిషిగా చూసిన మార్గం ఆమెది.

ఇది గడిచిపోయిన కథ కాదు. 1957లో మైసూరు రాష్ట్రంలోని క్యాసనూరు అడవిలో కొత్త జ్వరం పుట్టినప్పుడు కూడా ముందు కోతులు చచ్చాయి, తరువాత మనుషులు. మధ్యవర్తి అడవిలోని పిడుదుపురుగు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ప్రభుత్వం చేతికి తీసుకున్నది ఆ 1897 చట్టాన్నే.

కాబట్టి రోగాన్ని గురించి రాసే చరిత్రకారుడైనా, నవలాకారుడైనా రోగి మంచం దగ్గరే ఆగిపోరాదు. ఆ ఇంటి నేల, పక్కనున్న గోదాము, దాని యజమాని, ఇంటి అద్దె—ఇవన్నీ వ్యాధి చరిత్రలో భాగాలే. వీటిని వదిలిపెట్టిన రచన, ఎంత కరుణరసం పోసినా, నేరాన్ని రోగిమీదనే మోపుతుంది.