బి.ఎల్. రైస్: బ్రహ్మగిరి బండపై ఖరోష్ఠి అక్షరాలు

బెంజమిన్ లూయిస్ రైస్ (1837–1927) బెంగళూరులో పుట్టిన శాసన పరిశోధకులు. లండన్ మిషనరీ సొసైటీ తరఫున ఈ నగరంలో సేవ చేసిన రెవరెండ్ బెంజమిన్ రైస్ ఆయన తండ్రి. మైసూరు సంస్థానంలో విద్యాశాఖలో పనిచేసి, తరువాత పురావస్తు శాఖ డైరెక్టర్ అయ్యారు. 1906లో పదవీ విరమణ చేశారు. వేలాది శాసనాలను సేకరించి ‘ఎపిగ్రాఫియా కర్ణాటికా’ పేరుతో 12 సంపుటాలుగా వెలువరించారు.

అశోకుని శాసనాలు

1892లో చిత్రదుర్గ జిల్లా మొళకాల్మూరు తాలూకాలోని బ్రహ్మగిరి, సిద్దాపుర, జటింగ రామేశ్వర అనే మూడు చోట్ల రైస్ అశోకుని శాసనాలను కనుగొన్నారు. ఇవి మన అనంతపురం జిల్లా రాయదుర్గానికి దగ్గరి ఊళ్లు. దక్షిణాదిన ఇంత లోపల అశోకుని శాసనం దొరకడం అదే మొదలు.

శాసనం ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో ఉంది. చివర చపడ అనే లేఖకుని పేరు వస్తుంది. ఆ వెంటనే ‘లిపికరేణ’ (లేఖకునిచేత) అనే ఒక్క పదం మాత్రం ఖరోష్ఠి లిపిలో, కుడి నుంచి ఎడమకు చెక్కి ఉంది. జర్మన్ పండితుడు జార్జ్ బ్యూలర్ ఈ శాసనాలను పరిష్కరించి ఆ పదం విశేషాన్ని వివరించారు.

ఒక్క పదం ఏం చెబుతుంది?

ఖరోష్ఠి అరమాయిక్ లిపి నుంచి వచ్చింది. అరమాయిక్, హీబ్రూ, అరబిక్ లిపులు ఒకే సెమిటిక్ అక్షర కుటుంబానికి చెందినవి. పారశీక సామ్రాజ్యపు కార్యాలయాల్లో అరమాయిక్ వాడేవారు. ఖరోష్ఠి వాడుక ఎక్కువగా గాంధార ప్రాంతంలో, అంటే నేటి వాయవ్య పాకిస్తాన్‌లో సాగింది. కాబట్టి చపడ అక్కడివాడో, అక్కడ చదువు నేర్చినవాడో అయి ఉండాలని పండితుల అంచనా.

తెలుగు లిపితో సంబంధం

బ్రాహ్మీ కూడా సెమిటిక్ లిపి నుంచే పుట్టిందని బ్యూలర్ వాదించారు. అది ఇక్కడే పుట్టిందనే పండితులూ ఉన్నారు. కర్నూలు జిల్లా ఎర్రగుడి అశోక శాసనంలో కొన్ని పంక్తులు కుడి నుంచి ఎడమకు ఉన్నా, చర్చ తేలలేదు. తెలుగు, కన్నడ అక్షరాలు రెండూ బ్రాహ్మీ సంతతే కనుక ఇది మన అక్షరాల పుట్టుక ప్రశ్న కూడా.

రైస్ ప్రధానంగా కన్నడ శాసనాల పండితులు, సెమిటిక్ లిపుల నిపుణులు కారు. అయినా బండపై ఉన్నదాన్ని ఆయన వెలికితీసి లోకానికి అందించబట్టే ఈ చర్చకు దక్షిణాది నుంచి ఒక సాక్ష్యం దొరికింది.